ఏడు పువ్వుల బొంత

సూర్యావతి పిన్ని గురించి మా భిలాయి సెక్టర్ 7లో చెప్పుకునే మాట ఇది. దుర్గ్ దగ్గర శివనాథ్ నది ఒడ్డున కర్మలు చేసి వదిలేసిన చచ్చినవాళ్ళ చీరలు ఏరుకొచ్చి, ఉతికి, వాటితో పసిపిల్లలకి బొంతలు కుట్టేదట. ఒక బారసాలలో పట్టుబడిందట. నలుగురిలో నిలదీస్తే నోట మాట రాలేదట. ఆ పాపానికే సొంత కూతురు తొలి పురిటికి పుట్టింటి గడప తొక్కలేదట.

ఈ మాటకి ఒక్కొక్కరు ఒక్కో తోక తగిలిస్తారు. ఒకసారి కొళాయి దగ్గర విన్నాను.

"నాను కళ్ళారా చూసినాను. తెల్లారగట్ల దుర్గ్ బస్సు దిగింది, చేతిలో ఇంత సంచీ."

"సంచీలో ఏటున్నాయి?"

"అది నాకేటి తెలుసు? చీరలే అయ్యుంటాయి. దానికి నదికాడ ఇంకేటి పని?"

"కూరగాయలేమో."

"నీ మొహం. నదిలో వంకాయలు కాస్తాయేటి?"

అందరూ నవ్వారు. నా బకెట్ సగమే నిండింది. అలాగే ఎత్తుకొని వచ్చేశాను.

పిన్ని నాకు చుట్టం కాదు. మా క్వార్టర్‌కి ఎదురు వరసలో నాలుగో ఇల్లు ఆమెది. పుట్టిల్లు బొబ్బిలి దగ్గర. పెళ్ళయి భిలాయి వచ్చేనాటికి పదహారేళ్ళట. భర్త బంగార్రాజు బాబాయికి స్టీలు ప్లాంటులో, కోక్ ఓవెన్స్‌లో పని. ఆమెకి ఇక్కడ మొదట భయం పుట్టించింది కొలిమి మంటలు కాదు, చలి. ఊళ్ళో చలి అంటే తెల్లవారుజామున కాళ్ళమీదికి లాక్కునే దుప్పటి. ఇక్కడి చలి మధ్యాహ్నం కూడా గోడలోంచి వస్తుంది.

పక్క క్వార్టర్‌లో ఉండే పంజాబీ ఆవిడ, సర్దార్నీ, ఎండలో మంచం వేసుకొని స్వెట్టర్లు అల్లేదట. ఆమెకి తెలుగు రాదు, పిన్నికి హిందీ రాదు. పిన్ని వెళ్ళి మంచం పక్కన నేలమీద కూర్చొని ఆమె వేళ్ళ వంక చూసేది. పదిహేను రోజులు చూశాక ఆమె నవ్వి, రెండు సలాయిలు పిన్ని చేతిలో పెట్టింది. అల్లే సూదుల్ని ఇక్కడ మేమంతా సలాయిలనే అంటాం. పిన్ని మొదట అల్లింది కడుపులో ఉన్న బిడ్డకి టోపీ. పూర్తయ్యాక చూస్తే అది బంగార్రాజు బాబాయి తలకి సరిగ్గా సరిపోయింది. ఆయన పదేళ్ళపాటు చలికాలం నైట్ షిఫ్టులకి అదే పెట్టుకొని వెళ్ళాడు. ఆ బిడ్డే హేమమాలిని.

నేను పిన్ని దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టింది ఎనిమిదో తరగతిలో బడి మానేశాక. మా నానమ్మ అప్పయమ్మ మంచాన పడింది. చూసుకోవడానికి ఇంట్లో ఒకరు ఉండాలన్నారు, నేను ఉండిపోయాను. మధ్యాహ్నం నానమ్మ నిద్రపోయే రెండు గంటలు నావి. ఆ రెండు గంటలూ పిన్ని వాకిట్లో ఎండలో కూర్చునేదాన్ని. ఆమె నన్ను ఏమీ అడిగేది కాదు. మాట్లాడకుండా కూర్చునే మనుషులంటే ఆమెకి ఇబ్బంది ఉండేది కాదు.

పిన్ని ఊలుని చేత్తో పట్టి చూసేది కాదు, పైపెదవికి ఆనించుకొని చూసేది. షాపువాడి ముందే అలా చేసేది.

"చేతికేటి తెలుస్తాదే? అంట్లు తోమి తోమి ఈ చేతులు మొద్దుబారిపోనాయి. పెదవి అబద్ధం చెప్పదు."

పసిపిల్లల స్వెట్టర్‌కి బొత్తాలు పెట్టేది కాదు. ఊలునే పేని నాడాలు వేసేది. అతుకులు బయటికి వచ్చేలా కుట్టేది. అలా బాగోలేదని ఎవరో అంటే, "తొడుక్కున్నోడికి లోపల గుచ్చుకుంటే చెప్పుకోడానికి నోరు లేదు కదా. చూసినోళ్ళకి బాగోపోతే కళ్ళు మూసుకోమను," అంది.

ఆమెకి అన్నిటికంటే ఇష్టం మేజోళ్ళు. పెద్దవాళ్ళ స్వెట్టర్ మొదలుపెడితే చలికాలం అయిపోయినా అది అవదు. పసిపిల్ల మేజోడు అగ్గిపెట్టె పొడవుంటుంది, అన్నం తిని కూర్చుంటే సాయంత్రం టీ నీళ్ళు పెట్టేలోపు అయిపోతుంది. అయిపోగానే దాన్ని బొటనవేలికి తొడుక్కొని నాకేసి ఆడించేది. మడమ దగ్గర ఊలు వంపు తిరిగే చోటు వచ్చినప్పుడు ఇద్దరం ముందుకి వంగి చూసేవాళ్ళం. తిన్నగా వెళ్తున్న అల్లిక అక్కడ తనంతట తాను గిన్నెలా గుంటపడుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఆశ్చర్యమే. నా మొదటి మేజోడులో మూడు కుట్లు జారిపోయాయి. పిన్ని దాన్ని ఎండకి ఎత్తి చూసి, "బాగున్నాదే. వేలు ఈ కన్నంలోంచి బయటికొచ్చి లోకం చూసుకుంటాది," అంది. అప్పుడే తన తొమ్మిదో నంబరు సలాయిలు నాకు వాడుకోమని ఇచ్చింది.

బొంతల పద్ధతి వేరు. ఐదు పొరల పాత నూలు చీర. బాగా నలిగినవి లోపల, రంగు మిగిలినది పైన. ఆ చీర అంచుల్లోంచి లాగిన దారంతోనే కుట్టడం. ముడి పైకి కనపడకూడదు, పొరల మధ్యలో దాక్కోవాలి. కుట్టు బియ్యపుగింజంత ఉండాలి. అలా వరసలు వరసలుగా కుట్టుకుంటూ పోతే గుడ్డ చిన్న చిన్న అలలు లేచి చేతికింద బతికున్నట్టు ఉంటుంది.

పిన్ని దేనికీ డబ్బు తీసుకునేది కాదు. పాత చీర ఇస్తే చాలు. అయితే ఒక నియమం. చీర కట్టుకున్న మనిషి బతికుండాలి, ఇష్టంగా ఇచ్చిన చీర అయి ఉండాలి.

"కట్టి కట్టి మెత్తబడిన చీరలో ఆ మనిషి ఆయుస్సు ఉంటాది. బిడ్డకి అది కొంచెం అంటుకుంటాది," అనేది.

కానీ పాత చీరలు ఎవరూ ఇచ్చేవారు కాదు. రెండు నెలలకోసారి ఫూల్‌మతి నెత్తిన గంపతో వచ్చేది. పాత బట్టలకి స్టీలు గిన్నెలు మార్చే మనిషి ఆమె. ఇంటింటా చీరలన్నీ మూట కట్టి ఆమె కోసం దాచిపెట్టేవారు. పిన్ని అడిగితే, "అయ్యో, మొన్ననే బర్తన్‌వాలీకి ఇచ్చీసినాం కదమ్మా," అనేవారు. వాళ్ళింట్లో బిడ్డ పుడితే మాత్రం బొంత పిన్నే కుట్టాలి.

చివరికి పిన్ని ఫూల్‌మతి దగ్గరే చీరలు తీసుకోవడం మొదలుపెట్టింది. బదులుగా ఆమె మనవలకి టోపీలు అల్లి ఇచ్చేది. ప్రతిసారీ తన వంకరటింకర హిందీలో ఒకటే అడిగేది, ఇచ్చినావిడ బతికే ఉంది కదా అని.

"దేనేవాలీ జిందా హై నా?"

"జిందా హై దీదీ," అని ఫూల్‌మతి నవ్వేది. "చిన్న గిన్నె కోసం గంటసేపు కొట్లాడింది, చచ్చినదైతే అంత కొట్లాడుతుందా?"

తొంభై నాలుగు సెప్టెంబరులో మా నానమ్మ పోయింది. ఆ చలికాలానికి రెండు ఇళ్ళల్లో పిల్లలు పుట్టాలి. ఒకటి మా సింహాచలం అత్త ఇల్లు. ఆమె మా నాన్నకి అప్ప, అంటే అక్క. ఆమె కొడుకు మనోజ్‌కుమార్ భార్యకి నెలలు నిండుతున్నాయి. రెండోది హేమమాలినిది. పెళ్ళయిన నాలుగేళ్ళకి నిలిచిన కడుపు.

హేమమాలినిని భిలాయిలోనే, కోహ్కాలో ఇచ్చారు. వాళ్ళకి మార్కెట్‌లో ఇనుపసామాన్ల షాపు. అత్తగారు వెంకటరత్నమ్మ కోడల్ని పుట్టింటికి పంపాలంటే ఎప్పుడూ ఏదో ఒక సాకు చూపేది. నాలుగేళ్ళలో హేమమాలిని ఈ ఇంట్లో పడుకున్న రోజులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. కానీ తొలి పురుడు పుట్టింట్లో పోయాలన్న ఆచారాన్ని ఆమె కూడా కాదనలేకపోయింది. తొమ్మిదో నెల రాగానే, డిసెంబరు ఆఖరి గురువారం పంపుతానని మాట ఇచ్చింది.

ఆ చలికాలం పిన్నికి ఆ గురువారం తప్ప ఇంకేమీ పట్టలేదు. రోజూ నన్ను కూర్చోబెట్టి రేకు ట్రంకు తెరిచేది. ఆరు జతల మేజోళ్ళు, మూడు టోపీలు, రెండు స్వెట్టర్లు, మూడు బొంతలు. అన్నీ సరిగ్గానే ఉన్నాయని నాకు చూపించి మళ్ళీ మడిచి పెట్టేది.

"దాని మంచం ఇక్కడ వేస్తాను. కిటికీ ఎండ పదింటికల్లా ఇక్కడికొస్తాది. బిడ్డకి నూనె రాసి ఈడ పడుకోబెట్టొచ్చు. నువ్వొచ్చి కాళ్ళు పట్టుకోవాల. తన్నుతాది మరి."

నవంబరులో ఒక మధ్యాహ్నం ఫూల్‌మతి తెచ్చిన చీరల్ని పిన్ని వాకిట్లో విప్పింది. సింహాచలం అత్తకి అప్పుడే పుట్టిన మనవడికి బొంత కుట్టాలి. మూటలోంచి ఆకుపచ్చ చీర ఒకటి బయటికి వచ్చింది. ఎర్రంచు. పమిట కొంగులో అక్కడక్కడా ఏడు చిన్న చిల్లులు, వాటి అంచులు నల్లగా కాలి ఉన్నాయి.

అది మా నానమ్మ చీర.

నానమ్మ అడ్డచుట్ట కాల్చేది, నిప్పున్న కొస నోట్లో పెట్టుకొని. చుట్ట బయటికి తీసినప్పుడల్లా ఒక రవ్వ కొంగుమీద పడేది. "నానమ్మా, మళ్ళీ కాల్చుకున్నావ్," అంటే, "నోరు కాలలేదు కదా," అనేది. ఆ చిల్లుల్లో రెండు పడినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

నానమ్మ పదో రోజున మా వెనక వసారాలో రెండు మూటలు ఉన్నాయి. ఒకటి నదిలో వదలడానికి అమ్మ కట్టిన నానమ్మ బట్టలు. రెండోది చాలా రోజుల ముందే ఫూల్‌మతి కోసం కట్టి ఉంచిన పాత బట్టలు. రెండూ ఒకేలాంటి చారల దుప్పటి ముక్కల్లో ఉన్నాయి. పొద్దున్నే ఫూల్‌మతి వచ్చింది. అందరూ పెరట్లో ఉన్నారు. ఆమె గంపలో మూత బిగుతుగా పట్టే పొడుగు డబ్బా ఒకటి కనపడింది, సలాయిలు సరిగ్గా పడతాయి అందులో. మైలలో కొత్త గిన్నె ఇంట్లోకి తేకూడదని తెలిసి కూడా పరుగున వెళ్ళి మూట తెచ్చి ఇచ్చాను. ఆ ఆకుపచ్చ చీర చూసేదాకా నేను సరైన మూటే ఇచ్చాననుకున్నాను.

పిన్నికి చెప్పలేదు. చెప్పాలని నోరు తెరిచాను కూడా. ఈలోగా ఆమె చీర చెంపకి ఆనించుకొని, "ఎంత మెత్తగున్నాదే! ఏ ముసలమ్మదో. చుట్ట అలవాటున్నట్టుంది మా అమ్మలాగ," అని నవ్వింది.

మూడుసార్లు ఉతికింది. వేడినీళ్ళలో వేసి ఉడికించింది. రెండు రోజులు ఎండలో ఆరేసింది. చిల్లులేం చేయాలని ఆలోచించి, ఒక్కొక్క చిల్లు మీద ఎర్రదారంతో చిన్న పువ్వు కుట్టింది. నాలుగు ఆమె కుట్టింది, మూడు నన్ను కుట్టమంది. కుట్టాను. నానమ్మ చీరమీద పువ్వు కుడుతూ ఉంటే భయంతోపాటు సంతోషం కూడా వేసింది, అది అబద్ధం కాదు. ముని మనవడికి వెళ్తోంది కదా అనుకున్నాను. ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. పిన్ని చేసినవాటిలో అంత అందమైన బొంత ఇంకొకటి లేదు.

బారసాల డిసెంబరు రెండో వారంలో అయింది. ఉయ్యాలలో పరిచిన బొంతని ఆడవాళ్ళంతా ముట్టుకొని చూశారు. సింహాచలం అత్తకి ఎవరినీ ఊరికే మెచ్చుకోవడం చేతకాదు.

"ఏటి సూర్యావతీ, పువ్వులు వరసలో లేవేటి? మేకపెంటికల్లాగ ఎక్కడ పడితే అక్కడ రాల్చీసినావు?"

"అవి చిల్లున్న చోటే పూస్తాయప్పా," అంది పిన్ని. అందరూ నవ్వారు.

అత్త నవ్వుతూనే బొంత కొస ఎత్తి, చిల్లులెలా ఉన్నాయోనని ఒక పువ్వు దారం గోటితో పక్కకి జరిపి లోపలికి తొంగి చూసింది. పువ్వు వెనక నల్లటి అంచు కనపడింది. రెండోది చూసింది. ఎర్రంచు ముక్క వేళ్ళతో నలిపింది. తర్వాత ఒక్క ఊపున బిడ్డని ఎత్తి కోడలి చేతిలో పెట్టింది.

"ఇది మా అమ్మ చీర!"

ఎవరికీ అర్థం కాలేదు.

"మా అమ్మ చుట్ట చిల్లులు నాకు తెలీవేటి? నాను కొన్న చీర ఇది. సచ్చిపోయిన మనిషి చీర తెచ్చి నా మనవడి కింద పరుస్తావా? ఏటే సూర్యావతీ, ఎక్కడిదే నీకు?"

"ఫూల్‌మతి దగ్గర తీసుకున్నానప్పా. నీ మీదొట్టు. ఇచ్చినావిడ బతికున్నాదనే చెప్పింది."

"ఫూల్‌మతికి ఎలగొచ్చింది? మా తమ్ముడు పదో రోజున తన చేతుల్తో శివనాథ్‌లో కలిపీసినాడు. నదిలోంచి నడిచొచ్చీసిందా? ఒడ్డుకి కొట్టుకొస్తే ఏరుకొచ్చుంటావు!"

మా నాన్న అప్పలసూరి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "నేనే వదిలానప్పా. నడుములోతు నీళ్ళలో," అన్నాడు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదని అందరికీ తెలుసు.

సాయంత్రానికల్లా ఆ మాట కోహ్కాకి చేరింది. ఆదివారం పొద్దున వెంకటరత్నమ్మ కొడుకు విజయ్‌ని వెంటబెట్టుకొని పిన్ని ఇంటికి వచ్చింది. అత్తని, మా అమ్మానాన్నల్ని కూడా పిలిపించింది, వాళ్ళ వెనకే నేనూ వెళ్ళాను. వాకిట్లో ఇంకో ఆరేడుగురు ఉన్నారు. మంచినీళ్ళు ఇస్తే ముట్టుకోలేదు.

"వదినగారూ, నేను గొడవకి రాలేదు. మాది నలుగురితో పనిపడే వ్యాపారం. ఇంట్లో తొలి కాన్పు. ఈ చీరలమాట నిజమో కాదో తేల్చండి. అబద్ధమైతే గురువారం నేనే దగ్గరుండి అమ్మాయిని దిగబెడతాను. నిజమైతే మీరు మమ్మల్ని అడగొద్దు."

పిన్ని జరిగింది జరిగినట్టు చెప్పింది. ఫూల్‌మతిని పిలిచి అడగమంది. ఫూల్‌మతి ఎక్కడ? అంతకుముందు రోజే బంగార్రాజు బాబాయి సైకిల్ మీద జాముల్ దాకా వెళ్ళి ఆమె గుడిసె వెతికి వచ్చాడు. మేనకోడలి పెళ్ళికని బీహార్ వెళ్ళిందట, ఎప్పుడొస్తుందో తెలియదట.

"సాక్ష్యం కూడా ఊరు దాటీసింది. బాగున్నాది," అంది అత్త.

అప్పుడు పిన్ని నా వైపు తిరిగింది.

"ఒలే రోహిణీ, నువ్వు నా పక్కనే కూకున్నావు కదే. ఫూల్‌మతి మూటలోంచి ఆ చీర నాను తీసినప్పుడు చూసినావు కదా. చెప్పమ్మా. అంతే, ఇంకేటీ చెప్పక్కర్లేదు."

అందరూ నన్ను చూశారు. అంతమంది ఒకేసారి నన్ను చూడడం నాకు ఎప్పుడూ జరగలేదు. ఆమె అడిగింది ఒక్క ముక్క. కానీ ఆ ముక్క చెప్తే తర్వాత అడిగేది ఫూల్‌మతికి ఎవరిచ్చారని. అమ్మ నన్ను చూసింది. పదో రోజున నేను మూట ఇచ్చి డబ్బా తీసుకున్న సంగతి అమ్మకి తెలుసు, మైలలో తెచ్చానని తిట్టింది కూడా. సంగతి అర్థమైనట్టు ఆమె మొహం మారింది. వెంటనే కళ్ళు నేలకి దించుకుంది.

"నేను చూడలేదు," అన్నాను.

"చూడలేదా?" అని పిన్ని ఒక్కసారి అడిగింది, నాకు వినపడలేదేమో అన్నట్టు నెమ్మదిగా.

"నేను అప్పటికి ఇంటికెళ్ళిపోయాను."

వెంకటరత్నమ్మ లేచి చీర దులుపుకుంది. "ఇంక సెలవు వదినగారూ. కాన్పు మా దగ్గరే అవుతుంది. మీరు వచ్చి చూసుకోండి, కాదనను. కానీ మీ చేతి గుడ్డ ఒక్కటి కూడా మా గుమ్మం దాటకూడదు."

విజయ్ తల వంచుకొని స్కూటర్ తీశాడు.

ఇంటికి వచ్చాక అమ్మ అలమారాలోంచి నా స్టీలు డబ్బా తీసి అటకమీద పెట్టేసింది. ఇద్దరం పప్పు రుబ్బుకున్నాం.

గురువారం వచ్చింది. పిన్ని ఆ రోజు పొద్దున మంచం బయటికి తీసి కిటికీ ఉన్న గది కడుగుతూ కనపడింది. ఎందుకు కడిగిందో తెలియదు. సాయంత్రం మంచం మళ్ళీ ఎప్పుడూ ఉండే చోటుకే వెళ్ళింది. ఆ నెలంతా ఆమె వాకిట్లోకి ఎవరూ వెళ్ళలేదు. నాకు నలుగురికంటే ముందే దారి మూసుకుపోయింది.

జనవరి మూడో వారంలో ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రిలో ఏం జరిగిందో నేను చూడలేదు, బంగార్రాజు బాబాయి మా నాన్నకి చెప్తుంటే విన్నాను. పిన్ని చేతిలో సంచీ చూసి వెంకటరత్నమ్మ, "లోపలికి రండి, సంచీ మాత్రం బయట పెట్టండి," అందట. పిన్ని సంచీని వరండా బల్లమీద పెట్టి వెళ్ళింది. బిడ్డకి షాపులో కొన్న గులాబీరంగు స్వెట్టర్, టోపీ వేసి ఉన్నాయి. హేమమాలిని, "అమ్మా, ఒక్క టోపీ అయినా తేలేదా?" అని అడిగింది. ఆమెకి ఈ సంగతి ఎంతవరకు చెప్పారో ఏమో. పిన్ని వెంకటరత్నమ్మ వంక చూసి, మళ్ళీ బిడ్డ వంక చూసింది.

"ఆ గెడ్డం కింద బొత్తాం ఉన్నాది. చూసుకోండి, నోట్లోకి పోద్ది," అందట. అంతే అన్నదట. బిడ్డని ఎత్తుకోమని ఎవరూ అనలేదు, ఆమె అడగలేదు. వచ్చేటప్పుడు సంచీ బల్లమీదే మర్చిపోయింది. బాబాయి వెనక్కి వెళ్ళి తెచ్చాడు.

ఫూల్‌మతి హోలీ అయ్యాక వచ్చింది. పిన్ని ఆమెని వాకిట్లో ఆపి మాట్లాడుతూ ఉండగా నేను కిటికీలోంచి చూశాను. ఫూల్‌మతి గంప దింపకుండానే చెయ్యెత్తి మా క్వార్టర్ చూపించింది.

ఒక గంట తర్వాత పిన్ని మా ఇంటికి వచ్చింది. అమ్మ గాభరాగా కుర్చీ వేసింది. పిన్ని కూర్చోలేదు.

"పార్వతీ, టీ వద్దమ్మా. నా సలాయిలు ఈ గుంట దగ్గర ఉండిపోనాయి. తొమ్మిదో నంబరువి. తీసుకెళ్దామని వొచ్చినాను."

నేను స్టూలు వేసుకొని అటకమీది డబ్బా దించాను. మూత గట్టిగా బిగుసుకుపోయింది, రెండు చేతుల్తో లాగాల్సి వచ్చింది. లోపల సలాయిలు, తెల్ల ఊలు ఉండ, సగం అల్లిన మేజోడు ఉన్నాయి. పిన్ని మేజోడుని సలాయిల మీంచి జారనిచ్చి డబ్బాలోనే వదిలేసింది. కుట్లన్నీ ఊడిపోయాయి.

"మంచి డబ్బా," అంది. "మూత బాగా పడుతున్నాది."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సూర్యావతీ, చిన్నపిల్ల, తెలీక..."

"పిల్ల పుట్టీసింది పార్వతీ. ఇప్పుడు మీ వదినకి చెప్పినా, కోహ్కా వెళ్ళి చెప్పినా ఏటి లాభం? నన్ను నమ్ముతారేటి? బర్తన్‌వాలీకి లంచమిచ్చి చెప్పించినానంటారు." తర్వాత నా వైపు చూసింది. కోపంగా చూస్తే బాగుండేది. ఎవరో కొత్త మనిషిని గుర్తుపట్టడానికి చూసినట్టు చూసింది.

"ఫూల్‌మతి అన్నాది, ఇచ్చిన గుంటకి చక్కగా ఆయుస్సున్నాదట," అంది. సలాయిలు కొంగులో చుట్టుకొని వెళ్ళిపోయింది.

ఆ వేసవిలో పిన్ని ట్రంకులో ఉన్నవన్నీ విప్పేసింది. రోజూ మధ్యాహ్నం గుమ్మంలో కూర్చొని ఒక్కొక్క మేజోడు, ఒక్కొక్క టోపీ కొస పట్టి లాగి ఉండలు చుట్టేది. విప్పిన ఊలు వంకీలు వంకీలుగా ఉండేది, దాన్ని తడిపి తీగమీద ఆరేసేది. బొంతలు ఏం చేసిందో తెలియదు. ఆ తర్వాత ఆమె చేతిలో సలాయిలు నేను చూడలేదు. హేమమాలిని బిడ్డని తీసుకొని మొదటిసారి ఇక్కడికి వచ్చేసరికి ఆ పాపకి నడక వచ్చేసింది. చెప్పులు వేసుకొని వచ్చింది.

ఇది జరిగి నాలుగేళ్ళవుతోంది. నాన్న ఇప్పటికీ ఆ రోజు శివనాథ్‌లో తల్లి చీరలే వదిలాననుకుంటున్నాడు. ఆయన మూట విప్పి చూడలేదు. విప్పి చూడకూడదు కూడా. ఆ మూటలో ఉన్నవి మా ముందుగది పాత కర్టెన్లు రెండు, చిరిగిన దోమతెర ఒకటి, ఆయన ఖాకీ ప్యాంట్లు మూడు.